బరకంలో గూడు

బరకం చుట్ట విప్పగానే ముందు ఎండుగడ్డి రాలింది. ఆ వెనకాల పాలిథిన్ ముక్కలు, ఎవరో పారేసిన మాస్కు తాలూకు తెల్ల దారం, ఒక కోడి ఈక. నజీర్ అహ్మద్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆగు గంగరాజూ, లాగకు," అన్నాడు.

గంగరాజు అప్పటికే రెండో కొస పట్టుకుని గుంజుతున్నాడు. సబ్బవరం మనిషి. పరవాడ పవర్ ప్లాంటు నుంచి లారీలో బూడిద తోలుతాడు. లారీని పోర్టు రోడ్డులో ఆపి, కేబిన్ మీద చుట్టి ఉన్న చిరుగుల బరకాన్ని దించి, ఆటోలో వేసుకుని కోటవీధికి తెచ్చాడు. సరుకు మీద కప్పే ఈ మందపాటి టార్పాలిన్లకు మాసికలు వేయడం, అంచుల్లో తాడు పెట్టి కుట్టడం, తాడు దూర్చే కంతలకు ఐలెట్లు బిగించడం నజీర్ పని. ముందుగదే దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు.

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఇర్ఫానా, మామగారు అరుగు మీద మోకాళ్ళూని బరకాన్ని ఒక్కొక్క మడతే విప్పడం చూసింది. ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పుతున్నట్టు విప్పుతున్నాడు. లోపలి మడతలో మూడు పిల్లలున్నాయి. రెండు నలిగిపోయాయి. మూడోది వాటి మధ్య ఒదిగి ఉంది. ఒంటి నిండా ఈకలు ఇంకా ముళ్ళలాగే ఉన్నాయి. వెలుతురు తగలగానే తల ఎత్తి నోరు తెరిచింది. ఒంట్లోకెల్లా నోరే పెద్దది, పచ్చటి అంచుతో.

గంగరాజు మెట్టు మీద కూలబడ్డాడు.

"గేరుబాక్సు పోయి ప్లాంటు కాడ యార్డులో పడుంది బండి, నెల దాటిపోనాది. ఈ పాతదాన్ని కేబిన్ మీద సుట్టి కట్టీసి ఒగ్గీసాను. మజ్జలో పిట్ట గూడెట్టీసిందని నాకేటి తెలుసు. అక్కణ్ణించి ఇక్కడిదాకా హారను కొట్టుకుంటా తోలుకొచ్చీసాను."

"నీకు తెలిస్తే తెస్తావా," అన్నాడు నజీర్.

చనిపోయిన రెండింటినీ గుడ్డపీలికలో చుట్టి పెరట్లో కరివేపచెట్టు మొదట్లో పూడ్చి వచ్చాడు. చేతులు కడుక్కుని, దారానికి మైనం రాసుకునే చెక్కపెట్టె ఖాళీ చేసి అందులో దూది పరిచాడు. బతికినదాన్ని అందులో పెట్టి ఎక్కడ ఉంచాలా అని గది అంతా ఒకసారి చూశాడు. కుట్టుమిషనుకు ఎదురుగా ఉన్న పొట్టి పీట మీద పెట్టాడు.

ఇర్ఫానా గ్లాసులు అరుగు మీద పెట్టింది. అది అత్తగారు షంషాద్ కూచునే పీట. బరకం రెండో కొస పట్టుకుని ఆమె అక్కడే కూచునేది. ఆమె పోయిన దగ్గర్నుంచి ఆ పీట మీద ఎవరూ కత్తెర కూడా పెట్టలేదు. తుడిచేటప్పుడు ఇర్ఫానా సైతం దాన్ని జరపకుండా చుట్టూ తుడుస్తుంది.

"ఇర్ఫానా, ఇంట్లో గుడ్డుందా," అని అడిగాడు నజీర్.

కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఆయన నోట వచ్చే మాటలు మూడే: ఊఁ, చాలు, తర్వాత. ఏదైనా కావాలని అడిగి ఎంత కాలమైందో ఆమెకు గుర్తు లేదు.

"ఉంది మామూ. ఉడకబెట్టనా?"

"పచ్చసొన మెత్తగా ఉండాలి."

*

అది గోరింక పిల్ల అని ఎదురు మేడ వసీం వచ్చి తేల్చాడు. వసీంకు ఫ్యాన్లకు వైండింగు చుట్టే దుకాణం ఉంది గానీ మనసంతా మేడ మీది పావురాల గూళ్ళలోనే ఉంటుంది. పెట్టెలోకి వంగి చూసి, "కళ్ళ వెనకాల పసుపు తేల్తాది చూడండి భాయ్. పెద్దదైతే మాట్లాడతాది కూడా. ఒచ్చినోళ్ళకి సలాం చెప్పించండి, గిరాకీ పెరుగుతాది," అన్నాడు.

నానబెట్టిన శనగలు నూరి, అందులో పచ్చసొన కలిపి, ఇర్ఫానా మిరియపు గింజలంత ఉండలు చేసేది. నజీర్ వాటిని వెదురు పుల్ల కొసన పెట్టి నోట్లో లోతుగా వదిలేవాడు. ఒకటి మింగగానే అది మళ్ళీ నోరు తెరిచేది. మొదటిరోజు గుడ్డులో తెల్లసొన మిగిలిపోయింది. నజీర్ దాన్ని కాసేపు చేతిలో తిప్పి చూసి, పారేయడం ఎందుకన్నట్టు ఉప్పు అద్దుకుని తిన్నాడు. వంటింటి గుమ్మంలోంచి ఇర్ఫానా అది చూసింది. పిట్ట పేరు చెప్పి మర్నాడు రెండు గుడ్లు ఉడకబెట్టింది. రెండు తెల్లసొనలూ ఆయనే తిన్నాడు.

మిడతల కోసం ఆమె పాత గోడౌను వెనక ఖాళీస్థలానికి వెళ్ళేది. దుపట్టా నడుముకు బిగించి, మొలలోతు గడ్డిలో వంగి, దోసిలితో కప్పి పట్టేది. మొదట్లో చేతిలో అవి గిలగిల కొట్టుకుంటే ఒళ్ళు జలదరించేది. రెండోరోజుకి అలవాటైంది. వీధిమొగలో ఎండుచేపలమ్మే కాసులమ్మ బుట్ట దగ్గర్నుంచి కేకేసింది.

"ఏటమ్మా ఇర్ఫానా, ఇయ్యాల మీ ఇంట్లో మిడతల పులుసేటి?"

"చుట్టం వచ్చింది కాసులమ్మా. మాంసం లేందే ముద్ద దిగదంట."

"మంచి చుట్టమే. నా కాడ ఎండురొయ్యలున్నాయి, తింటాదేమో అడుగు," అంది కాసులమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

అన్నిటికన్నా వింత మిషను సంగతి. మొదట్రోజు సాయంత్రం నజీర్ కుట్టు మొదలుపెట్టగానే పెట్టెలోంచి కీచుమని అరుపు వచ్చింది. ఆపితే ఆగింది. ఎప్పుడు మేత పెట్టినా మిషను మీంచి చెయ్యి తీసి పెట్టడం వల్లనో ఏమో, ఆ చప్పుడుకీ తిండికీ సంబంధం ఉందని దానికి పట్టుబడిపోయింది. టకటకమంటే చాలు, మెడ సాగదీసి నోరు తెరుస్తుంది.

"నీ కోసం కాదే ఇది," అనేవాడు నజీర్. "ఇది బొగ్గులారీది. రేపు సాయంత్రానికి ఇవ్వాలి. తొందరపెట్టకు." అక్కడితో ఆగేవాడు కాదు. ఈ దారం మంచిది కాదనీ, పాతరోజుల్లో కాన్వాసు గుడ్డ వచ్చేదనీ, అది తడిస్తే ఇద్దరు మనుషులు ఎత్తలేకపోయేవారనీ పొద్దంతా చెబుతూనే ఉండేవాడు. వంటింట్లో ఇర్ఫానా కుళాయి కట్టేసి వినేది.

రెండోరోజు మధ్యాహ్నం దుకాణం ఫోను మోగింది. నజీర్ చేతుల నిండా మైనం. ఇర్ఫానా వచ్చి తీసింది. గంగరాజు.

"అమ్మా, బాయ్‌గారికో మాట సెప్పాల. బండి మళ్ళీ యార్డులోనే పాత సోటే పెట్టాను. ఆ గోరింకల జంట ఇంకా నా బండినే పట్టుకు తిరుగుతన్నాయమ్మా. నోట్లో పురుగెట్టుకుని ఒచ్చి కేబిన్ మీద కూకుంటన్నాయి. అటు సూస్తాయి, ఇటు సూస్తాయి, మళ్ళీ ఎల్లిపోతాయి. నిన్నట్నుంచి ఇదే. సూళ్ళేకపోతన్నాను. ఆ పిల్ల బతికుందా?"

"ఉంది."

"ఐతే తెచ్చి ఇక్కడెట్టీమను. దాని పిల్లని దానికిచ్చీవచ్చు."

"చెబుతాను అన్నా," అంది ఇర్ఫానా.

ఫోను పెట్టి వెనక్కి తిరిగింది. నజీర్ పెట్టెలోకి వంగి, కళ్ళజోడు ముక్కు చివరికి జారగా, పిట్ట రెక్క మీద విచ్చుకుంటున్న ఈకల్ని చూస్తున్నాడు. "చూడు, ముళ్ళు పగిలి ఈకలొస్తున్నాయి. పొద్దున్న లేవు ఇవి," అన్నాడు. ఆయన మొహం కేసి చూసింది. గడ్డం నిన్ననే నీటుగా కత్తిరించుకున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"గంగరాజన్న. బరకం ఎప్పుడవుతుందని," అంది.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూచుంది. మనిషి చెయ్యి తగిలిన పిల్లను పిట్టలు దగ్గరికి రానివ్వవని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. ఇప్పుడు తీసుకెళ్ళినా ఏం లాభం, పొడిచి తోసేస్తాయి, అనుకుంది. అలా అనుకున్నాక కాస్త నిమ్మళించింది. అయినా గిన్నెలోకి చూసినప్పుడల్లా లారీ కేబిన్ మీద పురుగు నోట కరుచుకుని కూచున్న పిట్టే కనపడింది. ఆ రాత్రి భర్త సొహైల్, పరవాడలో మందుల ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చి, "నాన్న ఇవాళ నన్ను భోంచేశావా అని అడిగాడు," అన్నాడు నమ్మలేనట్టు.

*

మరో మూడు రోజులకి పిట్ట పెట్టె అంచు మీదికెక్కడం నేర్చింది. పీట మీంచి దూకింది. గుమ్మం దాకా గెంతింది. వీధిలో ఆటో ఒకటి దాని ముందునుంచే పోయింది. గోడ మీది పిల్లి కిందికి చూడడం మొదలుపెట్టింది. నజీర్ కంగారుపడి వసీంకు కబురు పెట్టాడు.

వసీం సన్నటి నూలుదారం, పావురాల కత్తెర పట్టుకొచ్చాడు. అరుగు మీద బాసింపట్టు వేసి కూచుని, "పట్టుకోండి భాయ్, గట్టిగా కాదు," అన్నాడు. నజీర్ రెండు అరచేతుల మధ్య పిట్టను పట్టుకున్నాడు. వసీం ఒక రెక్క విప్పి, బయటి ఈకల్ని ఒక్కొక్కటే వేరుచేసి, వాటి మధ్యనుంచి దారం పోనిచ్చాడు.

"కొత్త పావురం కొంటే మేం చేసేది ఇదే. రెక్క విప్పుకోకండా కట్టి గూట్లో ఒదిలేస్తాం. గూడు మరిగాక దారం తెంపేసినా ఎక్కడికీ పోదు."

ఇర్ఫానా తలుపు పట్టుకుని నిలబడింది. "అంటే పాత గూడు మర్చిపోతుందా?"

"మర్చిపోద్దా? పావురం మర్చిపోదమ్మా. ఎగరలేదు గదా, ఏటి సేస్తాది. ఊరుకుంటాది."

ఇర్ఫానా తనకు ఉన్న ఆ ఒక్క ఆసరానే పట్టుకుంది. "ఐనా, మనిషి చెయ్యి తగిలాక దీన్ని తల్లి రానివ్వదు కదా."

వసీం తల ఎత్తకుండానే నవ్వాడు. "ఎవరు చెప్పారు? నాను రోజూ పావురం పిల్లల్ని తీసి చూసి మళ్ళీ గూట్లో పెడతన్నాను. ఒక్క తల్లీ కాదన్లేదు. పిల్లలు గూళ్ళలో చేతులు పెట్టకండా పెద్దోళ్ళు చెప్పే మాట అది."

మొదటి ముడి బిగిసింది. పిట్ట కీచుమంది. అది తిండికోసం అరిచే అరుపు కాదు.

"ఒద్దు మామూ, కట్టొద్దు," అంది ఇర్ఫానా. "దానికి తల్లీ తండ్రీ ఉన్నారు. యార్డులో వెతుక్కుంటున్నాయి. గంగరాజన్న ఆ రోజు ఫోన్ చేసింది బరకం కోసం కాదు. నేను మీకు చెప్పలేదు."

నజీర్ పిట్టను చూస్తూనే ఉన్నాడు.

"తెలుసు," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"బరకం తీసుకెళ్ళడానికి వచ్చాడు కదా మొన్న. నువ్వు మిడతలకి వెళ్ళావు. నాకూ చెప్పాడు." ఆయన బొటనవేలితో పిట్ట తల మీద మెల్లగా రాశాడు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. నువ్వు కాసులమ్మతో నవ్వడం ఇక్కడికి వినిపించింది. ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళో అయింది. దీన్ని పంపేస్తే మళ్ళీ..." అని ఆగి, తనను తాను సరిదిద్దుకున్నట్టు అన్నాడు, "నీ కోసమే అని కాదులే. నాకూ పంపబుద్ధి కాలేదు."

ఇర్ఫానా, "నేనూ అంతే," అని మాత్రం అనగలిగింది.

వసీం దారం పట్టుకుని ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "ఇద్దరికీ తెలుసు. మరి నన్నెందుకు పిలిచినట్టు? అక్కడ ఫ్యాను విప్పి ఒదిలేసి ఒచ్చాను."

"తెంపడానికి," అన్నాడు నజీర్. "నువ్వు కట్టిన ముడి నువ్వే తెంపు. నేను పట్టుకునే ఉంటాను."

వసీం కత్తెర తీశాడు.

ఆ సాయంత్రం నజీర్ గంగరాజు బరకం తాలూకు ముక్క ఒకటి వెతికి తీశాడు. మాసిక వేసేటప్పుడు కత్తిరించి పక్కన పడేసింది. బూడిద వాసన ఇంకా పోలేదు. "ఈ వాసన దానికీ తెలుసు, వాటికీ తెలుసు," అన్నాడు. దాన్ని గొట్టంలా చుట్టి ఒకవైపు మూయాలి, రెండోవైపు నోరు తెరిచి ఉంచాలి, వానపడితే నీరు పోయేలా అడుగున చిన్న ఐలెట్ కొట్టాలి, పైన తాడుకు రెండు పెద్దవి. గుడ్డ మందం. మడత మీద మడత పడ్డచోట సూది దిగడం లేదు. ఆయన పీట మీది పెట్టె తీసి కింద పెట్టాడు.

"కూచో. అటు కొస లాగి పట్టు," అన్నాడు.

ఇర్ఫానా క్షణం తటపటాయించి ఆ పీట మీద కూచుంది. పీటకు ఒక కాలు కాస్త పొట్టి. కూచున్నవాళ్ళు ఎడమకు ఒరుగుతారు. అత్తగారు ఎప్పుడూ ఎడమకు ఒరిగి ఎందుకు కూచునేదో ఆమెకు అప్పుడు తెలిసింది. మిషను టకటకమంది. కిందనుంచి పిట్ట నోరు తెరిచి అరిచింది.

*

మర్నాడు పొద్దున్నే పోర్టులో లోడు దించి వెళుతూ గంగరాజు వాళ్ళిద్దర్నీ లారీ ఎక్కించుకున్నాడు. ఇర్ఫానా ఒళ్ళో పెట్టె, నజీర్ ఒళ్ళో సంచి. గాజువాక దాటేదాకా పిట్ట అరుస్తూనే ఉంది. కూర్మన్నపాలెం దగ్గర హారన్ల రొదకి ఊరుకుంది. లంకెలపాలెం దగ్గర మలుపు తిరిగాక ప్లాంటు పొగగొట్టాలు కనపడ్డాయి.

"తీసుకుంటాయంటారా బాయ్‌గారూ," అన్నాడు గంగరాజు.

"వసీం తీసుకుంటాయన్నాడు."

"ఆయనవి పావురాలు గదా."

నజీర్ సంచిని ఒళ్ళో సర్దుకున్నాడు.

యార్డులో లారీలు వరసగా ఆగి ఉన్నాయి. చెట్ల ఆకులన్నీ బూడిద పట్టి ఒకే రంగులో ఉన్నాయి. గంగరాజు తన పాత చోటే చూసుకుని, కానుగచెట్టు పక్కన లారీ ఆపాడు. టైరు మీద కాలు పెట్టి కేబిన్ మీదికెక్కి, నజీర్ చెప్పినట్టు ఒక కొమ్మకు గొట్టాన్ని కట్టాడు. పిట్టను అందులో పెట్టేముందు నజీర్ కడుపునిండా మేత పెట్టబోయి ఆగిపోయాడు. "ఆకలితో ఉంటేనే అరుస్తుంది," అని ఉండల డబ్బా మూసేశాడు.

ముగ్గురూ దూరంగా వెళ్ళి ఇంకో లారీ నీడలో కూచున్నారు.

చాలాసేపటికి ఒక గోరింక వచ్చింది. వచ్చి గంగరాజు లారీ కేబిన్ మీద వాలింది. నోట్లో ఆకుపచ్చటిదేదో ఉంది. బరకం చుట్ట ఉండే చోట ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది, తల వంచి చూసింది, మళ్ళీ నడిచింది. ఫోనులో విన్నదంతా ఇర్ఫానా ఇప్పుడు కళ్ళతో చూసింది. తను ఎన్ని రోజులు ఊరుకుందో ఆ రోజులన్నీ అది అలాగే నడిచి ఉంటుంది.

కొమ్మకున్న గొట్టంలోంచి చడీచప్పుడూ లేదు.

"అరవ్వే," అంది గొణుగుతూ. "ఒక్కసారి."

పక్కనే ఒక లారీ స్టార్టయింది. గోరింక లేచి గోడవతలికి పోయింది.

తరువాత ఇంకోసారి వచ్చింది. ఈసారి రెండూ వచ్చాయి. కేబిన్ మీదే వాలాయి. గొట్టం వాటికి బారెడు దూరంలో ఉంది. అందులోది నోరు మూసుకుని కూచుంది. కొత్తచోటు, ఇంజన్ల రొద, దానికి భయం. అవి వెతికేది చుట్ట కోసం, ఇది ఎదురుచూసేది ఇంకెవరి కోసమో.

యార్డు గేటు దగ్గర్నుంచి గుమస్తా కేక వేశాడు. గంగరాజు సీరియలు వచ్చింది. లోడింగుకి ఇప్పుడు వెళ్ళకపోతే వరస చివరికి పోవాలి. మళ్ళీ వంతు వచ్చేసరికి పొద్దుపోతుంది.

గంగరాజు లేచి నిలబడ్డాడు. తన లారీ కేసి, దాని మీద తిరుగుతున్న పిట్టల కేసి చూశాడు.

"నా ఎనకాలోడ్ని ఎల్లమనండి బాబూ," అని అరిచాడు. "నాను తర్వాతొస్తాను."

"ఏటి, మళ్ళీ గేరుబాక్సేటి?" అన్నాడు గుమస్తా.

"అదే అనుకోండి," అని మళ్ళీ కూచున్నాడు.

నజీర్ అతని భుజం మీద చెయ్యి వేసి తీశాడు. తరువాత జేబులోంచి అంగుస్తానా తీశాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇనప తొడుగు అది. ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. వేలికి పెట్టుకుని, ముందుకు జరిగి, ఆగివున్న లారీ డీజిలు ట్యాంకు మీద కొట్టాడు. ముందు మెల్లగా ఒకటి, రెండు. చక్రం తిరగడం మొదలైనప్పుడు మిషను చేసే చప్పుడులా. ఆ తరువాత వేగం అందుకుంది. టకటకటకటక.

గంగరాజు విడ్డూరంగా చూశాడు. ఇర్ఫానా గొట్టం కేసి చూసింది.

గొట్టం కదిలింది. దాని తెరిచిన కొసలోంచి ముందు ముక్కు, ఆ తరువాత పచ్చటి అంచుతో పెద్ద నోరు బయటికి వచ్చాయి. కోటవీధి ముందుగదిలో మిషను ఎదుట అరిచినట్టే గొంతు చించుకుని అరిచింది.

కేబిన్ మీది గోరింక తల తిప్పింది. రెండోది ఎగిరి కొమ్మ మీద వాలింది, అక్కణ్ణుంచి ఇంకో కొమ్మకి, అక్కణ్ణుంచి తాడు మీదికి. మొదటిది వాలనే లేదు. గాలిలోనే గొట్టం అంచు పట్టుకుని వేలాడి, నోట్లో ఉన్నదాన్ని పిల్ల గొంతులోకి దించేసింది. ఎన్నిసార్లు తెచ్చి ఎన్నిసార్లు వెనక్కి తీసుకుపోయిందో ఆ పురుగును. పోయి మళ్ళీ వచ్చింది. రెండోదీ తెచ్చింది.

నజీర్ ఇంకా కొడుతూనే ఉన్నాడు.

"మామూ," అంది ఇర్ఫానా ఆయన మణికట్టు పట్టుకుని. "చాలు. తింటోంది."

ఆయన ఆపాడు. ఆపినా చెట్టు మీద అరుపు ఆగలేదు. ఇంక దానికి మిషను అక్కర్లేదు. అంగుస్తానా తీసి జేబులో వేసుకున్నాడు.

గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నా బండి మీంచి ఒక బరువు దిగిపోనాది బాయ్‌గారూ," అన్నాడు. లేచి వెళ్ళి కానుగచెట్టు మొదలుకు ఎర్రగుడ్డ కట్టి, పక్క లారీ డ్రైవర్లిద్దర్ని పిలిచి, ఈ చెట్టు కొమ్మ ఎవడన్నా లాగితే ఊరుకోనని గట్టిగా చెప్పాడు.

*

తిరుగు బస్సులో నజీర్ కిటికీ వైపు కూచున్నాడు. ఇర్ఫానా ఒళ్ళో ఖాళీ పెట్టె. లంకెలపాలెం పోయింది, కూర్మన్నపాలెం పోయింది. కండక్టరు ఎక్కడికని అడిగితే ఆమే చెప్పింది. గాజువాకలో ఎక్కినామె పెట్టెలో ఏముందమ్మా అని అడిగితే ఏమీ లేదంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడో, బయటికి చూస్తున్నాడో తెలియలేదు. మంచిపని చేశామని ఆమె మనసు చెబుతోంది. ఇంటికెళ్ళాక వినబోయే ఊఁ, చాలు, తర్వాత కూడా చెవిలో వినిపిస్తున్నాయి.

ఇంటికొచ్చాక ఆయన దుకాణంలోకి వెళ్ళాడు. మిషను చప్పుడు రాలేదు. ఒకసారి తొంగి చూస్తే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నాడు. ఇర్ఫానా వంటింట్లోకి పోయి పప్పు ఎక్కించింది. చేతికి అలవాటైపోయి ఒక గుడ్డు కూడా నీళ్ళలో వేసింది. అది ఉడికాక గాని పిట్ట ఇంట్లో లేదని తట్టలేదు. దాన్ని గిన్నె వెనక పెట్టేసింది.

చీకటి పడ్డాక సొహైల్ వచ్చాడు. తండ్రీ కొడుకులు భోజనానికి కూచున్నారు. నజీర్ కంచంలో అన్నం కలిపి, అలాగే చూస్తున్నాడు. ఇర్ఫానా పప్పు గరిటె పట్టుకుని నిలబడింది.

"పిట్ట ఏదీ?" అన్నాడు సొహైల్.

నజీర్ తల ఎత్తాడు.

"అలా అడిగితే కాదు," అన్నాడు. "ముందు లారీ సంగతి చెప్పాలి. ఆ గంగరాజు లారీ ఎక్కడం ఎంత కష్టమో తెలుసా? మీ ఆవిడ నాకన్నా ముందెక్కేసింది."

అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. గాజువాక దాకా అరిచిన అరుపులు, బూడిద పట్టిన చెట్లు, సీరియలు వదులుకున్న గంగరాజు, గేరుబాక్సు పోయిందా అన్న గుమస్తా. గోరింక కేబిన్ మీద ఎలా నడిచిందో రెండు వేళ్ళతో చాప మీద నడిపించి చూపించాడు. మధ్యలో సొహైల్ నవ్వితే, "నవ్వకు, అసలుది ఇప్పుడొస్తుంది," అని స్టీలు గ్లాసు బోర్లించి దాని మీద వేలితో మిషను వాయించాడు. టకటకటకటక. ఎదురు మేడ మీంచి వసీం, "ఏటి భాయ్, ఇప్పుడు కుట్టు పెట్టారు," అని కేకేశాడు. "రా, నువ్వూ విందువు గాని," అని తిరిగి కేకేశాడు నజీర్.

కంచాల్లో అన్నం చల్లారిపోయింది. తినమని ఇర్ఫానా అనలేదు. గరిటె గిన్నెలో పెట్టి గోడకానుకుని కూచుని, తన కళ్ళ ముందే జరిగినదాన్ని మళ్ళీ మొదట్నుంచీ విన్నది.

చెప్పడం అయ్యాక నజీర్ నీళ్ళు తాగి, వంటింటి వైపు మెడ సాచి చూశాడు.

"ఆ గిన్నె వెనకది గుడ్డే కదూ?"

"పొరపాటున ఉడకబెట్టాను మామూ."

"తే."

పెంకు ఒలిచి, రెండుగా చీల్చి, ఉప్పు అద్దుకుని తెల్లసొన తిన్నాడు. పచ్చసొన చేతిలో కాసేపు ఉంచుకున్నాడు. తరువాత దాన్నీ నోట్లో వేసుకున్నాడు.